తెల్ల బకెట్లో ఎర్ర చేప

దర్జీ కోటు కుట్టాడంటే అది ఒంటికి పోతపోసినట్టు ఉండేది. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. అతని నోటి గురించి మాత్రం వీధి వీధంతా చెప్పుకునేది. కొలతలు తీసుకుంటూనే పొట్ట వచ్చినవాడికి పొట్ట గురించీ, భుజం జారినవాడికి భుజం గురించీ ఓ మాట అంటించేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అనిపించుకున్నవాడు కూడా, ఇంత బాగా కుట్టేవాడు ఇంకెక్కడా దొరకడని తెలుసు కాబట్టి, నవ్వేసి డబ్బులిచ్చి వెళ్ళిపోయేవాడు.

అలా వెళ్ళిపోయే వీలులేని మనిషి ఒకడు ఆ దుకాణంలోనే ఉన్నాడు. దర్జీ భార్యకి సొంత తమ్ముడు. ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపినవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మెట్లు ఎక్కేవాళ్ళు తగ్గిపోయి, చివరికి షట్టరు దించేశాడు. పెళ్ళి కాలేదు. వేరే పని రాదు. "ఏదో ఒకటి దొరికేదాకా మా దగ్గర ఉండరా" అని అక్క వెంటబెట్టుకుని వచ్చింది. చూస్తూండగా ఏళ్ళు గడిచిపోయాయి. పొద్దున్నే దుకాణం తెరవడం, ఇస్త్రీ చేయడం, గుండీలూ కాజాలూ కుట్టడం, మధ్యాహ్నం ఇంటికెళ్ళి క్యారేజీ తేవడం, అన్నీ అతని పనులే.

వీటికి తోడు బావ ఇంకో పని అప్పజెప్పాడు. సగం కుట్టిన కోటు భుజాల మీంచి ఎలా దిగుతోందో చూడటానికి అతనికి తొడిగి, చేతులు చాపించి, దుకాణం మధ్యలో నిలబెట్టేవాడు. ఒకరోజు కొత్తగా వచ్చినాయన ఎవరో "ఈయనెవరు?" అని అడిగితే దర్జీ తలెత్తకుండానే "హ్యాంగర్" అన్నాడు. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. వాడుకగా వచ్చేవాళ్ళు "హ్యాంగర్ ఇవాళ రాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆఖరికి ఇంట్లో మేనకోడలు, కాలేజీ చదువుతున్న పిల్ల, మనసులో ఏ చెడూ లేకుండానే "హ్యాంగర్ మావయ్యా, నా ఛార్జర్ చూశావా?" అనేది.

బావాబావమరుదులన్నాక వేళాకోళం మామూలే అని అందరూ సరిపెట్టుకున్నారు. అక్క ఒక్కతే సరిపెట్టుకోలేదు. "ఆ పేరు మానెయ్యండి" అని మొగుడికి ఎన్నోసార్లు చెప్పింది.

"వాడికి లేని బాధ నీకెందుకే?" అనేవాడు దర్జీ.

తమ్ముణ్ణి అడిగితే "పోనీలే అక్కా" అనేవాడు. అక్క ఆ మాట నమ్మేది కాదు. కానీ తమ్ముడికి రెండుపూటలా కంచం నిండా పెట్టగలిగేది ఈ ఇంట్లోనే కాబట్టి, అంతకుమించి గొడవ పెట్టుకునేది కాదు.

దర్జీ ఎవరితోనైనా మెత్తగా మాట్లాడాడంటే అది ఇంట్లోని చేపతోనే. ఫ్లవర్‌హార్న్ జాతి చేప. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి, అరచేతిలో పట్టనంతగా పెంచాడు. చిక్కటి ఎరుపు. నుదుటి మీద గుండ్రంగా ఉబ్బిన మూపురం. మొప్ప పక్కనుంచి తోకదాకా, బ్రష్షుతో అద్దినట్టు, వరసగా నల్లటి పువ్వుల్లాంటి మచ్చలు. ముందుగదిలో గోడవారన పెద్ద గాజుతొట్టిలో ఉండేది. తొట్టి అడుగున నల్లరాళ్ళు పోసి, వెనక అద్దానికి కోటు లైనింగు కోసం తెచ్చిన నల్లగుడ్డ అంటించాడు దర్జీ. చేపలమ్మే అతనే అలా చేయమన్నాడు. ఎందుకో కూడా చెప్పబోయాడు గానీ, ఒకరు చెబుతుంటే వినే అలవాటు దర్జీకి లేదు. "ఎర్రబట్ట నల్లబల్ల మీద పరిస్తేనే ఎత్తి చూపుతుంది. అది నువ్వు నాకు చెప్పాలా?" అని మధ్యలోనే లేచి వచ్చేశాడు. చేపకి అంత రంగు రావడం తన చేతి తిండి వల్లేనని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

నిజానికి తిండి ఎక్కువగా పెట్టేది అతని భార్య. దుకాణం నుంచి వచ్చిన కోట్లకి అంచులు కుట్టే పని ఆమె ఇంట్లోనే చేసేది. తొట్టి పక్కనే కిటికీ వెలుతురు బాగా పడేది కాబట్టి అక్కడే పీట వేసుకుని కూర్చునేది. సూది పైకీ కిందికీ ఆడుతుంటే చేప కూడా అద్దం వెంట పైకీ కిందికీ తిరిగేది. ఆమె వంటింట్లోకి వెళితే, వంటింటి గుమ్మం కనబడే మూలకి వచ్చి నిలబడేది. "ఈ ఇంట్లో నేనెక్కడున్నానో పట్టించుకునేది ఇదొక్కటే" అని ఆమె నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నది కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ ఏడు నగరంలో పెంపుడు చేపల పోటీ పెడుతున్నారు. దర్జీ పేరిచ్చాడు. పేరుతోపాటు చేప ఫోటో కూడా పంపాలన్నారు.

"ఒరేయ్ హ్యాంగర్, నీ విద్య ఇన్నాళ్ళకి పనికొచ్చిందిరా" అన్నాడు.

తమ్ముడికి ఆ మాట కూడా తీపిగానే తోచింది. అటకమీంచి కెమెరా దించి, లెన్సు తుడిచి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పని మొదలుపెట్టాడు. అక్క బజారుకెళ్ళింది. స్టూడియో అలవాటు కొద్దీ వెనక తెల్లగా ఉంటే ఫోటో శుభ్రంగా వస్తుందనుకున్నాడు. చేపని చిన్న గాజుతొట్టిలోకి మార్చి, దాని కిందా వెనకా తెల్ల అట్టలు పెట్టి, రెండువైపులా దీపాలు వెలిగించాడు. దీపాలు సర్దుకుని, కెమెరా కంటికి ఆనించి, వెంటనే దించేశాడు. చేప ఒంటిమీది నల్లమచ్చలు బూడిదరంగుకి తిరిగాయి. చూస్తూండగానే అవీ కరిగిపోయాయి. ఎరుపు కూడా పలచబడి, ఎన్నోసార్లు ఉతికిన గుడ్డలా అయింది.

చేప చచ్చిపోతోందనుకున్నాడు. గబగబా దాన్ని మళ్ళీ పెద్దతొట్టిలో వదిలి, పక్కనే చతికిలబడ్డాడు. చేప అడుగున నల్లరాళ్ళ దగ్గరికి దిగి కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి ఒక మచ్చ కనబడింది. తర్వాత ఇంకొకటి. అక్క సంచీతో లోపలికి వచ్చేసరికి చేప ఎప్పటిలాగే ఎర్రగా, మచ్చలతో తిరుగుతోంది. ఫోటో ఆ తొట్టిలోనే, నల్లగుడ్డ ముందే తీశాడు. బ్రహ్మాండంగా వచ్చింది.

మర్నాడు చేపల దుకాణానికి వెళ్ళి సంగతేమిటని అడిగాడు.

"చేప చుట్టూ ఏముందో కంటితో చూసుకుంటుందండీ" అన్నాడు ఆ దుకాణదారు. "చుట్టూ నల్లగా ఉంటే చర్మంలో ఉన్న నలుపుని విప్పుకుంటుంది. తెల్లగా ఉంటే ముడుచుకుంటుంది. ఏ కొంగకో, పెద్దచేపకో కనబడకుండా ఉండాలిగా. రంగు ఎక్కడికీ పోదు. గుప్పిట మూసినట్టు లోపలే ఉంటుంది. మళ్ళీ నల్లటి చోట వదిలితే గుప్పిట తెరుస్తుంది. కొన్ని జాతులకి రోజులు పడుతుంది, వీటికి కాసేపు చాలు. బెదిరిందంటే ఇంకా త్వరగా. మీ బావగారికి ఇదే చెప్పబోయాను, ఆయన వినలేదు."

తమ్ముడు కూడా బావకి చెప్పలేదు. దాచాలనేం కాదు. చెబితే దానికీ ఒక మాట పడాల్సి వస్తుందని ఊరుకున్నాడు.

పోటీకి ముందురోజు దుకాణం కిటకిటలాడుతోంది. ఒక పెద్దాయన కొడుకుతోనూ కోడలితోనూ వచ్చి కోటు నమూనా చూపించమన్నాడు. దర్జీ సగం కుట్టిన కోటుని బావమరిదికి తొడిగి, చేతులు చాపించి, చంక కింద గుండుసూదులు గుచ్చుతూ బిగువు చూపిస్తున్నాడు. కొడుకు తమ్ముడి మొహంలోకి పరీక్షగా చూశాడు.

"మా పెళ్ళికి ఫోటోలు తీసింది మీరే కదూ? స్టూడియో ఉండేది."

తమ్ముడి మొహం విప్పారింది. "అవునండీ. ఆవిడ ఆ రోజు నీలం చీర..." అని ఏదో చెప్పబోయాడు.

"అవునవును" అన్నాడు దర్జీ. "అప్పట్లో అందర్నీ వీడు నిలబెట్టేవాడు. ఇప్పుడు వీణ్ణి మేం నిలబెడుతున్నాం."

అందరూ నవ్వారు. కోడలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తమ్ముడు చేతులు దించబోయాడు. సూది ఒకటి చంకలోకి సర్రున దిగింది. ఉలిక్కిపడ్డాడు.

"కదలకు. ఎక్కడన్నా హ్యాంగర్ కదులుతుందా?" అన్నాడు దర్జీ, సూది సర్దుతూ. మళ్ళీ నవ్వులు. వాళ్ళు నచ్చినట్టు తల ఊపి, కొలతలిచ్చి వెళ్ళేదాకా తమ్ముడు చేతులు చాపి అలాగే నిలబడ్డాడు. చొక్కా కింద నెత్తురు చిన్నగా అంటుకుంది. ఇంటికొచ్చాక ఆ చొక్కా తనే ఉతుక్కుని ఆరేసుకున్నాడు. ఆ రాత్రి మామూలుగానే తిన్నాడు, మామూలుగానే పడుకున్నాడు.

పోటీ రోజున దర్జీ స్కూటరు మీద ముందుగా వెళ్ళాడు. తన చోటు చూసుకోవాలి, పెద్దవాళ్ళకి కనబడాలి. చేపని తెచ్చే పని బావమరిదికి అప్పజెప్పాడు. దానికోసం మూత ఉన్న నల్ల బకెట్టు ఒకటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు.

తమ్ముడు స్నానాలగదిలోంచి తెల్ల బకెట్టు తెచ్చి తొట్టినీళ్ళతో నింపడం చూసి అక్క అడిగింది. "అదేంట్రా, మీ బావ నల్లది పెట్టారుగా?"

"దానికి అడుగున పగులుంది అక్కా. బస్సులో నీళ్ళన్నీ కారిపోతాయి."

అక్క నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకి కారణమేం లేదు. తన చేత్తోనే చేపని వలలోకి రానిచ్చి, బకెట్లోకి జారవిడిచి, "జాగ్రత్తగా తీసుకెళ్ళు, కుదుపుకి బెదురుతుంది" అంది. "సాయంత్రానికల్లా ఇంటికి తెచ్చెయ్యి. బహుమతి వచ్చినా రాకపోయినా."

బస్సులో కిటికీ పక్క చోటు చూసుకుని, బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకుని, మూత తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎండ నేరుగా బకెట్లోకి పడుతోంది. చేప గుండ్రంగా తిరిగింది. దాక్కోవడానికి ఎక్కడా ఏమీ లేదు, చుట్టూ తెలుపే. ముందు మచ్చలు పోయాయి. తర్వాత ఎరుపు పలచబడుతూ వచ్చింది. తమ్ముడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. సగం దారిలో ఒక్కసారి చెయ్యి మూత మీదకి వెళ్ళింది. ఇప్పుడు మూసినా సరిపోతుంది, ఇంకా టైముంది. మూతని తిరగేసి, మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

పక్కసీటులో ఉన్న ఆవిడ తొంగిచూసింది. "జబ్బు చేసిందా పాపం?"

"లేదండీ" అన్నాడు. "దాని రంగే అంత."

హాలు ముందు దిగి కూడా వెంటనే లోపలికి వెళ్ళలేదు. చెట్టుకింద నిలబడి, లోపల మైకులో న్యాయనిర్ణేతలు తొట్లు చూడటానికి బయల్దేరుతున్నారని చెప్పేదాకా ఆగాడు. లోపల అందరికీ ఒకేరకం తొట్లు, వెనక లేతనీలం కాగితం. మిగతావాళ్ళు తమ చేపల్ని చీకటి పెట్టెల్లో తెచ్చుకుని అప్పుడే వదిలారు. అవి నిగనిగలాడుతున్నాయి. దర్జీ కొత్తకోటు వేసుకుని ఖాళీ తొట్టి ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ?" అంటూ బకెట్టు లాక్కుని లోపలికి చూసి, అలాగే ఉండిపోయాడు. "ఇదేంటిది?"

"ఏమో బావా. ఎక్కించుకున్నప్పుడు బాగానే ఉంది."

ఇంకో మాటకి వ్యవధి లేదు. న్యాయనిర్ణేతలు పక్కతొట్టి దాకా వచ్చేశారు. దర్జీ చేపని తొట్టిలో వదిలి పక్కకి తప్పుకున్నాడు. తెల్లగా పాలిపోయిన చేప ఒక మూలకి చేరి, రెక్కలు ముడుచుకుని నిలబడింది.

న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, చేతిలో ఉన్న ఫోటో వైపు చూసింది, చేపవైపు చూసింది.

"ఈ ఫోటో ఈ చేపదేనా?"

"దీనిదేనండీ. ఇంట్లో చూడండి మీరు, ఇలా ఉండదు."

"రంగు ఎక్కించారా?" చాలా మెల్లగా, మర్యాదగా అడిగింది.

"ఏమన్నారు?"

"కొందరు సూదిమందు పొడుస్తారు, దాణాలో కలుపుతారు. నాలుగు రోజులు మెరుస్తుంది, తర్వాత వెలిసిపోతుంది. ప్రయాణానికి బెదిరితే కొంత తగ్గడం మాకూ తెలుసు. ఇంతలా తగ్గదండీ. మూగజీవం కదా, ఇలాంటి పని చేయకూడదు."

దర్జీ నోరు తెరిచాడు.  ఆవిడ తొట్టిమీద ఉన్న చీటీ ఊడదీసి, మడిచి, పక్కాయన చేతికిచ్చి ముందుకి నడిచింది.

అవతలి తొట్టి తాలూకు మనిషి దర్జీని గుర్తుపట్టాడు. పోయినేడు కోటు కుట్టించుకున్నప్పుడు తన మెడ గురించి పడ్డ మాట కూడా అతనికి గుర్తుంది.

"మాస్టారూ, మీ దగ్గర కుట్టించిన కోటు మా ఇంట్లో ఉంది. నీళ్ళు తగలకుండా చూసుకోవాలా?"

హాల్లో ఆ మూలంతా గొల్లుమంది. అటువైపు వరస వాళ్ళు కూడా ఏమిటని అడిగి తెలుసుకుని నవ్వారు. ఎవరో ఫోను ఎత్తి దర్జీనీ చేపనీ కలిపి ఫోటో తీశారు. తమ్ముడు వెనకాలే, చేతిలో ఖాళీ బకెట్టుతో నిలబడి ఉన్నాడు. బావ మెడ వెనకభాగం ఎర్రబడటం చూశాడు. ఇన్నేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

దర్జీ ఎవరివైపూ చూడలేదు. వల ముంచి, చేపని ఒక్క ఊపులో పైకి లాగి, బకెట్లో పడేసి, "పద" అన్నాడు. హాలు వెనక తలుపు తోసుకుని బయటికి నడిచాడు. అక్కడ బళ్ళు నిలిపే స్థలం ఉంది. ఎవరో కారు కడిగి వెళ్ళినట్టున్నారు, తారునేల తడిగా నల్లగా మెరుస్తోంది. దర్జీ బకెట్టు లాక్కుని నేలమీద బోర్లించాడు.

"నా పరువు తీసింది. ముదనష్టపుది" అన్నాడు. బకెట్టు పక్కకి తన్ని, గేటు వైపు నడిచాడు.

చేప తారుమీద ఎగిరిపడింది. రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత పక్కకి వాలి మొప్పలు ఆడిస్తూ పడుకుంది. తమ్ముడు చూస్తున్నాడు. తోకదగ్గర ముందుగా ఒక మచ్చ పైకి తేలింది. దాని పక్కన ఇంకొకటి. నల్లటి నేల ఒక కంటికి ఆనుకుని ఉంది. ఒంట్లో మిగిలిన ప్రాణమంతా పెట్టి చేప ఆ నేలరంగుకి తగ్గట్టు మారుతోంది. మచ్చలు వరసగా మొప్పదాకా వచ్చాయి. ఎరుపు చిక్కబడింది. హాల్లో ఉన్న ఏ చేపా అంత అందంగా లేదు.

గోడవారన కుళాయి ఉంది. బకెట్టు దొర్లుకుంటూ దాని దగ్గరే ఆగింది. తమ్ముడు ఒక్క అడుగు వేసి, వంగాడు. వంగి, మళ్ళీ నిటారుగా లేచాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మొప్పలు ఆడటం ఆగేదాకా అక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చాక దర్జీ భార్యతో "వచ్చే దారిలోనే పోయింది" అన్నాడు. ఆమె తమ్ముడి వైపు చూసింది.

"దారిలోనేనా?"

"ఆ" అన్నాడు తమ్ముడు.

"ఏం చేశారు మరి దాన్ని?"

"అక్కడే పారేశాం."

 మర్నాడు ఆమె తొట్టి ఖాళీ చేసి, రాళ్ళు కడిగి, ఎండలో ఆరబెట్టింది. కుట్టుపని పీట మాత్రం అక్కడే ఉంచింది. కుడుతూ కుడుతూ అలవాటుగా పక్కకి చూసేది. చూసి, మళ్ళీ కుట్టులోకి తల దించుకునేది. కూతురు "ఇంకోటి తెచ్చుకుందాంలే అమ్మా" అంటే "చూద్దాం" అంది.

దర్జీ పోటీ సంగతి దుకాణంలో ఎక్కడా ఎత్తలేదు. కానీ ఆ ఫోటో ఫోన్లలో తిరిగి తిరిగి వీధిలోకి వచ్చింది. కోటు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు గుడ్డని వేలితో రుద్ది చూసి, మూతి బిగించి నవ్వు ఆపుకునేవాళ్ళు. ఆ కసంతా బావమరిది మీదకి మళ్ళింది. కాజా వంకర పోయిందని అందరిముందూ కోటు మొహాన విసిరేశాడు. క్యారేజీ ఆలస్యమైందని వాకిట్లో నిలబెట్టాడు. తమ్ముడు అన్నీ పడ్డాడు. ఇప్పుడవి మునుపటంత గుచ్చుకోవడం లేదు. మనసులో ఒక మాట ఉంది, అది ఎప్పుడు తీద్దామా అని చూస్తున్నాడు.

ఆ అవకాశం ఒక సెలవురోజు మధ్యాహ్నం వచ్చింది. నలుగురూ భోజనానికి కూర్చున్నారు. నీళ్ళగ్లాసు అందిస్తూ తమ్ముడు పొరపాటున కాసిని నీళ్ళు దర్జీ కంచంలో ఒలికించాడు.

"నువ్వు ముట్టుకున్నది ఏది బాగుపడింది గనక?" అన్నాడు దర్జీ. "స్టూడియో ముట్టుకున్నావు, మూతపడింది. చేపని ముట్టుకున్నావు, చచ్చింది. చేపకి కూడా తెలిసిపోయిందిరా, నీ మొహం చూసి తెల్లబోయింది."

మేనకోడలు కిసుక్కున నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు.

"నా మొహం చూసి కాదు బావా. బకెట్టు చూసి."

చెప్పడం మొదలుపెట్టాడు. ఫోటో తీసిన రోజు, తెల్ల అట్టలు, చేపల దుకాణదారు చెప్పిన మాటలు, పగుల్లేని నల్ల బకెట్టు, బస్సులో తీసిపెట్టిన మూత. తొందరపడకుండా, ఏదీ వదలకుండా చెప్పాడు. "నువ్వు బోర్లించాక తారుమీద దాని రంగంతా తిరిగొచ్చింది. మచ్చతో సహా. నువ్వు అటు తిరిగి వెళ్ళిపోయావు గానీ, అప్పుడు చూడాల్సింది. ఫస్టు ప్రైజు దానికే."

చెప్పడం అయ్యాక బావ మొహంలోకి చూశాడు. ఇన్నాళ్ళూ ఆ మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటూనే బతికాడు. అది మారలేదు. దర్జీ ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

"చూశాను" అన్నాడు.

"ఏం చూశావు?"

"గేటు దగ్గర వెనక్కి తిరిగాను. మచ్చలు రావడం చూశాను. నువ్వు తెచ్చిన బకెట్టు తెల్లదని అప్పుడు వెలిగింది. చేపలవాడు ఆనాడు ఏం చెప్పబోయాడో కూడా వెలిగింది. నువ్వు వంగడం చూశాను, లేవడం చూశాను."

"మరి రాలేదేం?"

"వచ్చి? నీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేపని ఏరుకోవాలా? నీ ముందా?" దర్జీ కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. "చావనీ అనుకున్నాను."

అప్పుడిద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె గరిటె పట్టుకుని అలాగే ఉంది.

"అప్పటికి బతికే ఉందన్నమాట" అంది.

దర్జీ చెయ్యి తుడుచుకున్నాడు.

"ఒరేయ్, నిన్నే. ఎంతసేపు బతికుంది?"

"తెలీదక్కా. కాసేపు."

"అక్కడ నీళ్ళున్నాయా?"

తమ్ముడు కంచంలోకి చూశాడు. "కుళాయి ఉంది" అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టి, గిన్నె మీద మూత పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. "సాయంత్రంలోగా నీ బట్టలు సర్దుకో" అంది తమ్ముడితో.

"అక్కా, ఇన్నేళ్ళు ఆయన నన్ను..."

"చూశాను. అన్నీ చూశాను. ఆయన నిన్ను అన్న ప్రతి మాటా నాకు తగిలింది. నువ్వు ఆయన్ని ఏం చేసినా నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. కోట్లన్నీ కత్తెరతో చింపినా నీ పక్కనే నిలబడేదాన్ని. నా చేత్తో నీ బకెట్లో వేయించుకున్నావు కదరా దాన్ని."

"చేపే కదా అక్కా."

"అవును, చేపే" అంది ఆమె. "అందుకే ఇద్దరికీ అంత ధైర్యం వచ్చింది."

మొగుణ్ణి ఆమె ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా అనలేదు. వండేది, వడ్డించేది, అడిగినదానికి ఊ, ఆ అని బదులిచ్చేది. దుకాణం పని ఇంటికి వస్తే మాత్రం "నేను చెయ్యను" అని తిప్పి పంపేది. దర్జీ మొదట్లో అరిచాడు, తర్వాత హాస్యాలాడి చూశాడు. ఒకరోజు చిన్నచేప ఒకటి తెచ్చి తొట్టిలో వదిలాడు. ఆమె వద్దనలేదు. దానివైపు తల తిప్పి చూడనూ లేదు. పగలంతా దుకాణంలో ఉండే దర్జీకి తిండి పెట్టడం కుదరలేదు. కూతురు నాలుగు రోజులు పెట్టి మర్చిపోయింది. చేప ఆకలికి అద్దానికి మూతి కొడుతుంటే ఆమె అదే గదిలో కూర్చుని పాతబట్టలు మడతపెట్టుకునేది. నెల తిరక్కుండా అది వెల్లకిలా తేలింది. దర్జీ దాన్ని కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాడు.

తమ్ముడు ఊరి అవతలివైపు, ఆఫీసుల వీధిలో, పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న కొట్లో పనికి కుదిరాడు. ఒక స్టూలు, వెనక తెర, ఒక కెమెరా, గోడకి అద్దం, దువ్వెన. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మొహాలు వస్తూనే ఉండేవి. యజమాని మంచివాడు, పేరు పెట్టి పిలిచేవాడు. తమ్ముడు అక్కకి ఫోను చేసి చూశాడు. మోగి మోగి ఆగిపోయేది. కొన్నాళ్ళకి మానేశాడు.

ఏడాది పైన గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె ఆ కొట్లోకి వచ్చింది. పక్క ఆఫీసులో ఏదో దరఖాస్తుకి ఫోటో కావాలన్నారట. లోపల అతనున్నాడని ఆమెకి తెలీదు. తెర పక్కనుంచి అతను బయటికి రాగానే గుమ్మంలో ఆగింది. వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు. నేరుగా వచ్చి స్టూలు మీద కూర్చుని, కొంగు సరిచేసుకుంది. జుట్టు చాలామటుకు నెరిసింది.

తమ్ముడు దీపం వెలిగించి, కెమెరా వెనక్కి వెళ్ళాడు. 

"తల కొంచెం పైకి" అన్నాడు.

ఆమె తల ఎత్తింది. కెమెరాలోంచి నేరుగా అతని కళ్ళలోకి చూసింది. బల్బు మెరిసింది.

"అక్కా" అన్నాడు అతను.

ఆమె స్టూలు మీంచి లేచి, చేతిసంచీ భుజాన వేసుకుంది.

"ఎప్పుడిస్తారండీ?" అని అడిగింది.

అతను కెమెరా తీగని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. వెనక ఇంకెవరో తలుపు తోసుకుని లోపలికి వస్తున్నారు.

"పావుగంటలో ఇస్తానండీ" అన్నాడు.

ఆమె సరేనన్నట్టు తల ఊపి, బయట బెంచీ మీద కూర్చోవడానికి వెళ్ళింది.